తీరిక వేళల వెల

మధ్యాహ్నం వంటపని ముగిశాక, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు లేసు అల్లికకు కూర్చుంటారు. చేతిలో కొక్కెం సూది, ఒళ్ళో దారపుండ. సామగ్రి అంతే! 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట వచ్చిన ఈ విద్య ఇంటింటి పని అయింది. ఇక్కడి బల్లగుడ్డలు సముద్రాలు దాటి వెళ్ళాయి. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పేరు సరే, మరి ప్రతిఫలమో? జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఈ సంగతి విచారించి, 1982లో ఒక గ్రంథమే ప్రకటించారు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లిన సరుకును బట్టి కూలి కట్టేవాడు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగే ఆ శ్రమను తీరిక వేళ కాలక్షేపమని తీసిపారేసేవారు. లెక్కకు రాని గంటలకు వెల ఎవరు కడతారు?

ఇంటిపట్టున అల్లికల వ్యాపారం పెట్టదలచిన సోదరీమణులు ఇది గమనించాలి. దారం ఖరీదు వ్రాసే పుస్తకంలోనే, అల్లడానికి పట్టిన గంటలూ వ్రాసుకోండి. నలుగురు కలిసి దారం కొనండి. వీలైనంత వరకు సరుకు మీరే అమ్ముకోండి. ధర చెప్పడానికి మొహమాటపడకండి. దారానికి వెల ఉన్నప్పుడు, దాన్ని లేసుగా మార్చిన చేతికి ఉండవద్దూ?