తుప్పు పట్టిన సెన్సార్‌కు బలం మందు కాదు

కారు ఎగ్జాస్ట్ పైపుకు బిగించిన ఆక్సిజన్ సెన్సార్ మొండికేస్తే, పానాకు పొడవాటి గొట్టం తొడిగి శక్తి కొద్దీ తిప్పడం మామూలే. కానీ అక్కడ కొరవడింది బలం కాదు. ఇంజన్ నడిచినప్పుడల్లా ఆ పైపు వందల డిగ్రీలు వేడెక్కుతుంది, ఆపగానే చల్లారుతుంది. పొగలోని నీటి ఆవిరి, రోడ్డు తడి కలిసి థ్రెడ్ల మధ్య తుప్పు పుట్టిస్తాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక సందులన్నీ బిగుసుకుపోతాయి. విశాఖ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. ఇక బలం పెంచితే తుప్పు వదలదు, థ్రెడ్లే చెరిగిపోతాయి.

కాబట్టి ముందు ఆ పట్టు సడలించాలి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. అప్పటికీ కదలకపోతే మెకానిక్ ఆ నూనెను తుడిచి, పెట్రోలు పైపులకు దూరం చూసుకుని, సెన్సార్ చుట్టూ ఉన్న లోహపు కట్టును టార్చితో కాల్చాలి. వేడికి రెండూ వ్యాకోచిస్తే లాభమేమిటని అడగవచ్చు. బయటి కట్టు ముందు వేడెక్కి రంధ్రం పెద్దదవుతుంది. లోపలికి వేడి పాకేలోగా, వైరు పట్టే చీలిక ఉన్న 22 ఎం.ఎం. సాకెట్‌తో కాస్త ముందుకీ వెనక్కీ తిప్పితే తుప్పు పొడై రాలుతుంది. ఇంత సేపు పడితే కూలి పెరగదా అంటే, పెరుగుతుంది. అయితే థ్రెడ్ చెడితే కొత్తది కోయాలి, లేదా వెల్డింగ్ చేయాలి. కొన్ని కార్లలో ప్లాటినం వంటి ఖరీదైన లోహాలున్న కేటలిటిక్ కన్వర్టర్‌నే మార్చాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందు గంట కూలి ఏపాటిది?