దిగంతాలు దాటే గుసగుస

శబ్దానికి ఆకాశమే ఆశ్రయమని మన తార్కికులు భావించారు. ధ్వని పయనించడానికి గాలి వంటి యానకం కావాలని భౌతికశాస్త్రం తరువాత తేల్చింది. అయితే శూన్యంలో సైతం వార్తను మోసుకుపోగల రేడియో తరంగాన్ని మానవుడు వశపరచుకున్నాక ఆ ప్రాచీన భావనకు ఒక కొత్త సొగసు వచ్చింది. రేడియో ప్రసారమనగానే ఎత్తయిన స్తంభాలు, పెద్ద పెద్ద యంత్రాలు మన కళ్ళముందు మెదులుతాయి. కాని గోరంత చిప్పుతో, చెట్టుకు కట్టిన పది మీటర్ల తీగతో ఖండాంతరాలకు సంకేతం పంపేవారు నేడు ఎందరో ఉన్నారు. అది ఎలా సాధ్యమో, ఆ పనిలో ఎంతటి బాధ్యత ఇమిడి ఉన్నదో తెలుసుకుందాం.

1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండులోని పోల్డూ నుండి వచ్చిన సంకేతాన్ని అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి తీరాన విన్నట్లు ప్రకటించాడు. దానికి వేల వాట్ల శక్తి అవసరమైంది. అభిరుచి కొద్దీ రేడియోను సాధన చేసేవారిని అమెచ్యూర్లని, హామ్‌లని అంటారు. 1912లో అమెరికా ప్రభుత్వం వారిని 200 మీటర్లు, అంతకంటె తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. ఆ హ్రస్వ తరంగాలు దూర ప్రసారానికి పనికిరావని అప్పటి నమ్మకం. 1923 నవంబరులో ఫ్రాన్సు, అమెరికా దేశాల అమెచ్యూర్లు సుమారు 110 మీటర్ల తరంగదైర్ఘ్యంపై పరస్పరం సంభాషించి ఆ నమ్మకాన్ని వమ్ము చేశారు. భూమికి ఎగువన విద్యుదావేశిత కణాలతో నిండిన అయనావరణం ఆ తరంగాలను మరల నేలకు వంచి పంపుతుంది. 1924లో ఆపిల్టన్ దాని ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

ఐదు వాట్లకు మించని శక్తితో ప్రసారం చేయడం హామ్‌లలో ఒక వ్రతం వంటిది. దానిని వారు క్యూ.ఆర్.పి. అంటారు. మైక్రోకంట్రోలర్ ఈ వ్రతాన్ని మరింత కఠినం చేసింది. వాషింగ్ మెషీన్లలో, రిమోట్లలో ఉండి ఆజ్ఞలను పాటించే చిరు కంప్యూటరే మైక్రోకంట్రోలర్. దాని పిన్ను మీది వోల్టేజి ఒకమారు సున్నాకు దిగి, మరొకమారు 3.3 వోల్టులకు ఎక్కుతుంది. ఈ దిగడం, ఎక్కడం సెకనుకు 1 కోటి 40 లక్షల 97 వేల సార్లు జరిగితే, ఆ పిన్నుకు తగిలించిన తీగ నుండి 14 మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగం వెలువడుతుంది. వేరే ప్రసార యంత్రం అవసరం లేదు. వెలువడే శక్తి మాత్రం పది, ఇరవై మిల్లీవాట్లే. పది మిల్లీవాట్లంటే మన ఇంటిలోని తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపం తీసుకొనే శక్తిలో తొమ్మిదివందలవ వంతు!

ఇక్కడ ఒక చిక్కున్నది. చిప్పులోని గడియారం సెకనుకు 12 కోట్ల 50 లక్షల మారులు టిక్కుమంటున్నదనుకుందాం. మనకు కావలసిన ఒక్కొక్క కంపనానికి అందులో 8.867 టిక్కులు రావాలి. టిక్కును ముక్కలు చేయలేము. ఈ చిక్కుకు పరిష్కారం మన పంచాంగంలోనే కనిపిస్తుంది. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటె సుమారు పదకొండు రోజులు తక్కువ. ఆ లోటును అధికమాసంతో పూడ్చి పండుగలను ఋతువులతో కలిపి ఉంచారు మన పెద్దలు. అట్లే నూరు కంపనాలలో సుమారు 87 కంపనాలకు తొమ్మిదేసి టిక్కులు, మిగిలిన వాటికి ఎనిమిదేసి టిక్కులు లెక్కించినచో సగటు సరిపోతుంది.

ఇంత బలహీనమైన సంకేతం దూరతీరాలలో చెవికి వినిపించదు. దానిని పట్టుకొనే ఉపాయాన్ని 2008లో జోసెఫ్ టేలర్ అందించాడు. జంట పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త ఆయన. తన పద్ధతికి ఆయన 'విస్పర్', అనగా గుసగుస, అనే అర్థం స్ఫురించే పేరు పెట్టాడు. ఇందులో పంపేది మూడే మూడు విషయాలు: హామ్ సంకేతనామం, ఉన్న చోటు, వాడిన శక్తి. ఇవన్నీ 50 బిట్లలో ఇముడుతాయి. వాటిని 162 చిహ్నాలుగా విస్తరించి, దాదాపు 110 సెకన్లపాటు నిదానంగా పంపుతారు. ఈ విస్తరణ వలన ప్రయోజనమేమి? తాళపత్రంలో ఒక అక్షరాన్ని పురుగు తిన్నప్పుడు, పరిష్కర్త గణ యతి ప్రాసల ఆధారంతో ఆ లోపాన్ని పూరిస్తాడు. పద్యానికి ఛందస్సు ఎటువంటి కట్టుబాటో ఈ సందేశానికి ఆ అదనపు చిహ్నాలు అటువంటివి. కొన్ని చిహ్నాలు రొదలో కలిసిపోయినా, అందుకొనే కంప్యూటరు మొత్తం సందేశాన్ని నిలబెట్టగలదు. ఈ విధంగా మిల్లీవాట్ల సంకేతాలు వేల కిలోమీటర్లు చేరుతున్నాయి. శక్తి చేయలేని పనిని ఓర్పు, క్రమశిక్షణ చేస్తున్నాయి.

అయితే పిన్ను నుండి వెలువడేది నునుపైన తరంగం కాదు, చతురస్ర తరంగం. అందులో అసలు పౌనఃపున్యంతోపాటు దానికి మూడు రెట్లు, ఐదు రెట్లు ఉండే అనుస్వరాలు దాగి ఉంటాయి. వ్యాకరణంలోని అనుస్వరానికి వీటితో సంబంధం లేదు. 14 మెగాహెర్ట్జ్‌ల సంకేతం పంపామనుకొనేవాడు తెలియకుండానే 42, 70 మెగాహెర్ట్జ్‌ల వద్ద కూడా ప్రసారం చేస్తుంటాడు. ఆ స్థానాలు ఇతర సేవలవి కావచ్చు. అందుచేత తీగచుట్టలు, కెపాసిటర్లతో కూర్చిన లో పాస్ ఫిల్టర్‌ను పిన్నుకు, ఏరియల్‌కు నడుమ తప్పనిసరిగా ఉంచాలి. అది అసలు సంకేతాన్ని పోనిచ్చి అనుస్వరాలను అడ్డగిస్తుంది. 'నాది చిన్న సంకేతమే కదా, ఎవరికి ఏమవుతుంది?' అనుకోరాదు. వేల కిలోమీటర్ల దూరంలో వినిపించగల గుసగుస, పక్కింటి రేడియోకు అడ్డు తగలలేదా?

ఈ కారణంగానే అమెచ్యూర్ ప్రసారానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొందినవారే ప్రసారం చేయాలి. వారి సంకేతనామాలు సాధారణంగా వి.యు. అక్షరాలతో మొదలవుతాయి. ఇంటర్మీడియట్ విద్యార్థులు కూడా ఈ పరీక్షకు అర్హులే. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యలో శిక్షణ ఇస్తూ వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినప్పుడు, ఆ సంస్థ పక్షాన పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్‌లు తమ అభిరుచి కార్యక్రమాన్ని ఆపి, బాధితుల క్షేమవార్తలను బంధువులకు చేరవేశారు. ఆనాడు వారి పిలుపు వినబడిందంటే, ఆ పౌనఃపున్యాన్ని ఇతరులు శుభ్రంగా ఉంచడం కూడ ఒక కారణమే.

ఊరి చెరువు వలె ఆకాశం అందరిది. చెరువులో దోసెడు నీరు తీసుకొనే హక్కు ప్రతివారికీ ఉన్నది. దానిని కలుషితం చేసే హక్కు ఎవరికీ లేదు. చిన్న చిప్పుతో లోకాన్ని పలకరించగోరే విద్యార్థి మొదట వినడం నేర్వాలి, తరువాత లైసెన్సు పొందాలి, ఆపైన ఫిల్టర్ అమర్చి మాట్లాడాలి. మితభాషికి సభలో గౌరవం లభించినట్లే, మితశక్తితో శుద్ధంగా పలికే సంకేతానికి ఆకాశంలో చోటు లభిస్తుంది.