కెనాలా? ఛానలా?

వినడానికి అక్కచెల్లెళ్లలా ఉండే ఇంగ్లీషు మాటలు మన విద్యార్థులను తికమక పెడుతూనే ఉంటాయి. కెనాల్, ఛానల్ అటువంటి జంటే. రెంటికీ తెలుగులో ‘కాలువ’ అనేస్తాం. మరి తేడా ఎక్కడ?

పుట్టిల్లు రెంటికీ ఒకటే: లాటిను ‘కనాలిస్’. దానికి మూలం బోలుగా ఉండే రెల్లు. మెట్టినిళ్లు వేరు కావడంతో అర్థాలూ వేరయ్యాయి.

కెనాల్ మనిషి తవ్వినది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి మా బాన్సువాడ పొలాలకు నీరు తెచ్చేది కెనాల్. 1869లో ఓడలకు తెరచిన సూయజ్ కూడా కెనాలే. వైద్యులు చెవి నాళాన్ని సైతం కెనాల్ అంటారు. అది వేరు సంగతి.

ఛానల్ అంటే నీరు సాగే దారి. తవ్వినదైనా సరే, తనంత తాను ఏర్పడినదైనా సరే. మంజీర పాయా ఛానలే, మడిలోకి తీసిన పిల్లకాలువా ఛానలే. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమనున్న ఇంగ్లీషు ఛానల్‌ను ఎవరు తవ్వారు గనుక?

పలుకులోనూ భేదముంది. కెనాల్‌లో ఊనిక చివర, ఛానల్‌లో మొదట.

నీరు లేనిచోట కూడా ఛానల్ పారుతుంది. టెలివిజన్ ఛానల్ సరేసరి. ఉద్యోగి అర్జీ పైఅధికారి ద్వారా వెళ్లడం ‘ప్రాపర్ ఛానల్’. అక్కడ కెనాల్ అని రాశారో, అర్జీ నీళ్లపాలే!

తెలుగులో చదువుకుని కాలేజీకి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు అనగానే జంకుతారు. కాని వాగుకూ కాలువకూ భేదం రైతుబిడ్డకు ఒకరు చెప్పాలా? స్పెల్లింగు బట్టీ పట్టేముందు ఆ వస్తువును మన మాటలో తలచుకుంటే చాలు, సగం జంకు తీరిపోతుంది.