చూసిందే రాయండి!

రేపు సైన్సు రికార్డు ఇవ్వాలి. ఈ రాత్రికి పిల్లలు ఏం చేస్తారు? పక్కింటి అన్నయ్య పోయినేడు రాసిన రికార్డు తెచ్చి ముందు పెట్టుకుంటారు. ఉద్దేశం, పరికరాలు, విధానం... చకచకా ఎక్కించేస్తారు. ఆఖర్న ఫలితం దగ్గర పుస్తకంలోని అంకె వేసేస్తారు. దస్తూరి ముత్యాల్లా ఉంటే సంతకం పడిపోతుంది. అమ్మానాన్నలూ 'హమ్మయ్య' అనుకుంటారు. ఆ రికార్డులో లేనిదల్లా ఒక్కటే... ఆ పిల్లాడు చేసిన ప్రయోగం!

మంచి రికార్డుకి గుర్తు చిన్నదే. మీ ప్రయోగం చూడనివాళ్లు కూడా మీరు రాసింది చదివి అదే ప్రయోగం మళ్లీ చేయగలగాలి.

'కొలవాలి' కాదు, 'కొలిచాను'

లఘులోలకం ప్రయోగమే తీసుకుందాం. 'దారానికి గుండు కట్టి ఊపాలి' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'వేలాడదీసిన చోటు నుంచి గుండు మధ్య వరకు 100 సెం.మీ. ఉండేలా కట్టాను. 20 డోలనాలకు పట్టిన సమయాన్ని మూడుసార్లు చూశాను' అనండి. ఇది మీరు చేసిన పని. రీడింగులన్నీ పట్టికలో వేసి, సెకన్లో, సెంటీమీటర్లో పైన రాయండి. కొట్టివేత ఉంటే ఉండనివ్వండి.

'రీడింగులు జాగ్రత్తగా తీసుకోవాలి' అన్న జాగ్రత్త అన్ని రికార్డుల్లోనూ ఉంటుంది. దానికంటే 'గాలికి ఊగకుండా ఫ్యాను ఆపాం. గుండును కొద్దిగానే పక్కకు లాగి వదిలాం' అన్న మాటలు ఎంతో మేలు.

తప్పు అంకే దారి చూపింది

లోలకం ఊగే సమయాన్ని బట్టి గురుత్వ త్వరణం, అంటే 'జీ' విలువ కడతారు. అది దాదాపు 980 సెం.మీ./సె.² రావాలి. 100 సెం.మీ. లోలకానికి 20 డోలనాలకు 38.1 సెకన్లే పట్టిందనుకోండి. లెక్క కడితే 1088 దాకా వస్తుంది. వెంటనే చాలామంది చేసే పని, రీడింగును 40కి మార్చేయడం!

మార్చకుండా కాసేపు ఆలోచిస్తే? గుండు వదులుతూనే 'ఒకటి' అని లెక్క మొదలెట్టారేమో. అప్పుడు 'ఇరవై' అనేసరికి పూర్తయినవి 19 డోలనాలే. 38.1ని 19తో భాగించి మళ్లీ కట్టండి... 982 వస్తుంది! 'సున్నా' అని మొదలెట్టాలన్న సంగతి ఇక జన్మలో మరిచిపోరు. ఈ రెండు లెక్కలూ రికార్డులో రాస్తే అంతకంటే మంచి 'చర్చ' ఇంకేముంటుంది? రీడింగు దిద్దేసి ఉంటే ఆ ఆధారమే పోయేది.

ఆ తేడాలోనే నోబెల్

బ్రిటన్ శాస్త్రవేత్త లార్డ్ రేలీకీ ఇలాంటి చిక్కే వచ్చింది. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్ కంటే కాస్త బరువు తూగింది. ఆయన దాన్ని సర్దేయలేదు. 1892లో 'నేచర్' పత్రికకు లేఖ రాసి, కారణం తెలిస్తే చెప్పమని పాఠకులనే అడిగాడు. తర్వాతి ప్రయోగాల్లో తేడా అర శాతం దాకా తేలింది. విలియం రాంసేతో కలిసి వెతికితే, గాలిలో అప్పటిదాకా ఎవరికీ తెలియని వాయువు బయటపడింది. అదే ఆర్గాన్! 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రాంసేకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

పెద్దలూ... ఒక్క ప్రశ్న

ఇకమీదట మీ అబ్బాయో, అమ్మాయో రికార్డు రాస్తుంటే 'అయిపోయిందా?' అని కాక, 'నీకెంత వచ్చింది? ఎందుకలా వచ్చింది?' అని అడిగి చూడండి. టీచర్లు కూడా పుస్తకంలోని అంకెకు కాకుండా, పిల్లలు చూసిన అంకెకు, చెప్పిన కారణానికి మార్కులు వేస్తే పిల్లలకు దిద్దాల్సిన అవసరమే రాదు.

పుస్తకంలోని జవాబు ఎలాగూ పుస్తకంలో ఉంది. రికార్డులో ఉండాల్సింది మీ కళ్లు చూసింది!