ముసుగు వీరుని తీర్పు

ఆత్మకూర్ (ఎస్)లో మా వద్ద చదివే పిల్లలు ముసుగు వీరుల ధారావాహికల గురించి ముచ్చటించుకుంటుంటారు. ‘డేర్‌డెవిల్’ (2015) కథానాయకుడు పగలు న్యాయవాది. రాత్రి ముసుగు ధరించి దుండగులను దండిస్తాడు, కాని చంపడు. రెండవ భాగంలో వచ్చే పనిషర్ చంపుతాడు. నగరంలో కొందరు అతణ్ణి మెచ్చుకుంటారు. తెరపై దోషి ఎవరో ప్రేక్షకునికి ముందే తెలుసు. జీవితంలో తెలియదు.

2019లో మన రాష్ట్రంలో ఒక యువతిపై జరిగిన ఘోరం అందరినీ కలచివేసింది. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించగా జనం పోలీసులపై పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ముగ్గురు మైనర్లని చెప్పింది. దోషులెవరో న్యాయస్థానం విచారించనే లేదు.

ధారావాహికలో మరణించిన పాత్ర మళ్ళీ రావచ్చు, మనిషి రాడు. వార్తను నిర్ధారించుకోమని దివ్య ఖుర్ఆన్ (49:6) ఆదేశిస్తున్నది. పిల్లల పక్కన కూర్చుని అడుగుదాం: ‘ఇతడే దోషి అని ఎవరు విచారించారు?’