గ్రైండర్ ఆన్ చేసే ముందు

బండికి చేయించే మార్పులన్నింటినీ మనం ఒక్క మాటలో మోడిఫికేషన్ అనేస్తాం. షెడ్డులో మాత్రం అవి రెండు జాతులు. పానా పెట్టి విప్పి వేరేది బిగించేవి ఒకటి, గ్రైండర్ పట్టి కోసి వెల్డింగ్ చేసేవి రెండు. హ్యాండిల్ మార్చడం, సీటులో స్పాంజి మందం పెంచడం, క్రాష్‌గార్డు, సామాను క్యారియర్ మొదటి జాతి. నచ్చకపోతే ఏ ఆదివారం మధ్యాహ్నమో పాతవి మళ్లీ ఎక్కించుకోవచ్చు. వెనక ఫ్రేమ్ కోసి ఒంటి సీటు పెట్టించడం, లావు టైరు పట్టేలా స్వింగ్ ఆర్మ్ వెడల్పు చేయించడం, ట్యాంకు కోసి ఆకారం మార్చడం రెండో జాతి. రెండింటినీ ఒకే గాటన కట్టి "బాగుంటుందా, ఎంతవుతుంది" అని అడిగి తేల్చేయడంలోనే పొరపాటంతా ఉంది. కోసే పనికి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ ఇనప ముక్క ఇప్పటిదాకా ఏ పని చేస్తోంది? అది పోతే ఆ పని ఎవరు చేస్తారు?

మన దగ్గర ఎక్కువగా కోతకు గురయ్యేది సీటు కింద వెనక్కి పోయే గొట్టాల చట్రం. కెఫే రేసర్, బాబర్ మోజులో పాత బుల్లెట్లకూ, యమహాలకూ దాన్ని పొట్టి చేయిస్తారు. చూడ్డానికి అది మడ్‌గార్డును మోసే వంపు గొట్టంలా కనిపిస్తుంది. కానీ చాలా బళ్లలో వెనక షాకబ్జార్బర్ల పై కొస బిగిసేది అక్కడే. వెనక కూర్చున్న మనిషి బరువు, ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా చక్రం పైకి తన్నే తన్ను ఆ గొట్టమే తీసుకుంటుంది. షాకబ్జార్బర్ బిగింపుకు వెనకగా నాలుగంగుళాలు కోయడం వేరు, దాని ముందుకొచ్చి కోయడం వేరు. అతుకు వేశాక వెల్డింగ్ గీత గట్టిగానే ఉండొచ్చు. ఆ గీత పక్కన వేడికి గుణం మారిన ఇనుములోనే తరచూ పగులు మొదలవుతుంది. ఒక్కసారిగా విరగదు. వేల కుదుపులకు అలిసి, వెంట్రుకవాసి బీటగా పుడుతుంది. పైన కొత్త పెయింటు నిగనిగలాడుతుంటుంది కాబట్టి కంటపడదు. పెయింటులో సన్నని తుప్పు రంగు గీత తేలితే, అప్పటికే లోపల పగులు నడుస్తోందని అనుమానించాలి.

మడ్‌గార్డు పొట్టి చేస్తే పోయేది అందమేనని కొందరు, వచ్చేది అందమేనని కొందరు వాదిస్తారు. వానాకాలంలో వీపు మీద పడే బురద గీత సంగతి వదిలేద్దాం. చిన్న కష్టమే అది. పెద్దది, దాంతోపాటే ఊడదీసే శారీ గార్డు. వెనక సీట్లో కూర్చున్నవారికి పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. చీర కట్టుకుని పక్కకు తిరిగి కూర్చునే దేశంలో పుట్టిన నిబంధన అది. ఆ ఇనప జల్లెడ తీసేసిన బండి ఫొటోలో సన్నగా, చురుగ్గా ఉంటుంది. చున్నీ కొస చక్రం ఊచల్లోకి వెళ్లడానికి పట్టేది ఒక్క క్షణం.

ఈ కెఫే రేసర్ ఫ్యాషన్ పుట్టిన చోటు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 1950, 60 దశకాల్లో లండన్ ఏస్ కెఫే లాంటి చోట్ల చేరిన కుర్రాళ్లు వేగం కోసం బళ్ల మీది బరువు వదిలించుకున్నారు. వాళ్లు తయారు చేసుకున్న బళ్లలో పేరు పడ్డది ట్రైటన్. నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేమ్‌లో ట్రయంఫ్ ఇంజన్ కూర్చోబెట్టిన బండి. అంటే ఆ మోజు వెనక లెక్క ఉంది. ఫ్రేమ్‌ను అలంకారమని కోసి పారేయలేదు, అది గొప్పదని ఏరి తెచ్చుకున్నారు. మనం వాళ్ల రూపం తెచ్చుకుని లెక్క అక్కడే వదిలేశాం.

చట్టం సంగతికొస్తే, "నా డబ్బు, నా బండి, మధ్యలో ఆర్టీవో ఎవరు" అనే మాట తప్పకుండా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. 175 సీసీ దాటిన బండి చప్పుడు 80 డెసిబెల్స్ మించకూడదు. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించింది ఈ చప్పుడు గోలతోనే. ఇక "నా బండి" అన్న వాదన పెరట్లో పెట్టుకునే బండికైతే చెల్లుతుంది. రోడ్డెక్కిన బండికి వెనక సీటు మనిషి ఉంటాడు, ఎదురుగా వచ్చేవాడుంటాడు, రేపు దాన్ని కొనేవాడూ ఉంటాడు. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీకి దారితీస్తుంది కూడా.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. కంపెనీ చేసిందే వేదమా? కాదు. కంపెనీ సగటు మనిషి కోసం, ఖర్చు చూసుకుని చేస్తుంది. సీట్లు గట్టిగా ఉంటాయి, హ్యాండిల్ అందరికీ కుదరదు, హారన్ పీలగా ఉంటుంది. అవి మార్చుకోవాల్సిందే. కానీ సీటు విషయంలో కంపెనీ కన్నా మీ నడుముకు ఎక్కువ తెలుసు, ఫ్రేమ్ విషయంలో తెలియదు. ఫ్రేమ్‌ను యంత్రం మీద ఎక్కించి లక్షలసార్లు కుదిపి చూసే సౌకర్యం షెడ్డులో లేదు. మంచి చేతి నైపుణ్యమున్న వెల్డర్లు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం లేదు. వాళ్లకు లేనిది పరీక్ష. ఆ పరీక్ష మీ ప్రయాణమే అవుతుంది.

పాత బండి ఎలాగూ తుక్కుకే కదా అనేవాళ్లు ఆర్ఎక్స్ 100 కథ చూడాలి. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన 98 సీసీ బండి అది. రాజ్‌దూత్ 350 అయితే మైలేజీ రాదని అప్పట్లో జనం భయపడ్డ బండి. ఆ రోజుల్లో వీటిని కోసినవాళ్లకు, అరిగిన బళ్లకు కొత్త రూపు ఇస్తున్నామనే అనిపించి ఉంటుంది. ఇప్పుడు ఒరిజినల్ మడ్‌గార్డు, ఒరిజినల్ సైలెన్సర్, కోత పడని ఫ్రేమ్ ఉన్న బండికి అప్పటి షోరూం ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొంటున్నారు. ఏ బండి రేపు అపురూపమవుతుందో ఈరోజు ఎవరూ చెప్పలేరు. బోల్టుతో చేసిన మార్పు ఆ తీర్పును రేపటికి వదులుతుంది, కోత వదలదు.

అలాగని ఎప్పుడూ కోయొద్దనడం కాదు. కాళ్లు సహకరించనివారి కోసం బండికి పక్క చక్రాలు వేయించడం, బ్రేకు చేతికి అందేలా మార్చడం శాశ్వతంగా చేయాల్సిన పనులే. చట్టం కూడా దానికి దారి ఉంచింది, ఆర్సీలో రాయించుకోవాలి, అంతే. ఫ్రేమ్ తుప్పు పట్టి కాగితాలు కూడా లేని బండిని ఎగ్జిబిషన్ కోసం ఎలా మలిచినా ఎవరికీ నష్టం లేదు. ఈ రెండింటి మధ్య, రోజూ ఆఫీసుకు తిరిగే బండి ఉన్నవాళ్లకు నా మాట ఒక్కటే. మీరు కోరుకున్న రూపానికి ముందు బోల్టులతో వీలైనంత దగ్గరగా వెళ్లండి. కింద వంగే హ్యాండిల్ బిగించి ఒక నెల అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, బెంజ్ సర్కిల్ దగ్గరో నడిపి మణికట్లు ఏమంటాయో వినండి. ఒంటి సీటు పెట్టి, ఇంట్లోవాళ్లు ఆ నెలలో ఎన్నిసార్లు ఆటో ఎక్కాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. తీసిన మడ్‌గార్డు, శారీ గార్డు, పాత సైలెన్సర్ మాత్రం షెడ్డులో వదిలేసి రాకండి. నూనె గుడ్డతో తుడిచి, గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టుకోండి.