ఉంచుకోవాలా, వదులుకోవాలా?

పిల్లలూ, మీ జట్టులో ఇరవై ఒక్కేళ్ళ ఆటగాడు ఒకడున్నాడనుకోండి. జట్టులోకి వచ్చినప్పుడు అతని మీద అందరూ ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. కాని ఈ ఏడాది అతను కొట్టిన గోల్స్ అంతంతమాత్రం. ఇంతలో ఇంకో జట్టువాళ్ళు వచ్చి, "ఆ కుర్రాణ్ణి మాకివ్వండి, బదులుగా పేరున్న ఆటగాణ్ణి మీకిస్తాం" అన్నారు. మీరేమంటారు? ఉంచుకుంటారా, వదులుకుంటారా?

కెనడా, అమెరికా దేశాల్లోని మంచు హాకీ క్లబ్బులకు ఏటా ఎదురయ్యే చిక్కు ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతకబోతే గణాంక శాస్త్రంలో ఒక మంచి పాఠం మనకు దొరుకుతుంది.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మంచు హాకీలో బంతి ఉండదు. మూడంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ళతో ఆడతారు. దాని పేరు పక్. మంచు మీద ఒక్కో జట్టుకు ఆరుగురుంటారు. గోల్ కాపలాదారు ఒకరు, రక్షకులు ఇద్దరు, ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లు ముగ్గురు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, ఆ గోల్‌కు పక్ అందించినవాళ్ళకు తలా ఒక పాయింటు లెక్క వేస్తారు. ఇందులో అన్నిటికన్నా పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. అందులో 32 క్లబ్బులున్నాయి. ఒక క్లబ్బు తన ఆటగాణ్ణి ఇంకో క్లబ్బుకు ఇచ్చి, బదులుగా వాళ్ళ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. దీన్నే ట్రేడ్ అంటారు. యువ ఆటగాళ్ళను "నీకిష్టమేనా?" అని అడగనక్కర్లేదు. కబురు వస్తే పెట్టె సర్దుకోవలసిందే!

పుట్టినరోజు నాడు వచ్చిన కబురు

1986 జూన్ 6న కామ్ నీలీ అనే ఫార్వర్డ్‌కు అలాంటి కబురే వచ్చింది. ఆ రోజు అతని ఇరవై ఒకటో పుట్టినరోజు. అతను కెనడాలోని వాంకూవర్ జట్టులో మూడు సీజన్లు ఆడాడు. చివరి సీజన్‌లో 14 గోల్స్ మాత్రమే కొట్టాడు. వాంకూవర్ వాళ్ళు అతన్నీ, మరుసటి ఏడాది కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే మొదటి వంతు హక్కునూ కలిపి అమెరికాలోని బోస్టన్ జట్టుకు ఇచ్చేశారు. బదులుగా బారీ పెడర్సన్‌ను తెచ్చుకున్నారు. పెడర్సన్ వయసు 25. అంతకుముందే రెండు సీజన్లలో వందకు పైగా పాయింట్లు సాధించినవాడు. అయితే ఆ తరువాత అతని భుజంలో కణితి వస్తే శస్త్రచికిత్స చేసి తీశారు.

మరుసటి సీజన్ ముగిసేసరికి పెడర్సన్‌కు 76 పాయింట్లు, నీలీకి 72 పాయింట్లు వచ్చాయి. అప్పుడు మిమ్మల్ని తీర్పు చెప్పమంటే "వాంకూవర్‌కు నష్టమేమీ లేదు" అనేవారు కదూ? కాని నాలుగేళ్ళు తిరక్కుండానే పెడర్సన్ వాంకూవర్‌ను వదిలి వెళ్ళాడు. నీలీ మాత్రం మూడు సీజన్లలో యాభై, అంతకు మించి గోల్స్ కొట్టాడు. బోస్టన్ తరఫున మొత్తం 344 గోల్స్ సాధించి, 2005లో హాకీ ప్రముఖుల మందిరంలో చోటు సంపాదించాడు.

మరి ఆ 14 గోల్స్ అబద్ధం చెప్పాయా? లేదు. అవి నిజమే చెప్పాయి, కాని సగం నిజమే చెప్పాయి. వాంకూవర్‌లో నీలీ ఆడే కుడివైపు స్థానంలో అతనికన్నా సీనియర్లు ఉండేవారు. అందుచేత అతనికి మంచు మీద గడిపే సమయం తక్కువగా దొరికేది. పైగా మంచు హాకీ ఫార్వర్డ్‌లు సాధారణంగా ఇరవై అయిదు దాటుతున్న వయసులో బాగా రాణిస్తారు. ఇరవై ఒక్కేళ్ళవాడి లెక్క ఇంకా పెరుగుతున్న మొక్కను కొలిచిన లెక్క అన్నమాట.

చింతగింజలతో ప్రయోగం

వయసు, అవకాశం కాక మూడో సంగతి ఇంకొకటుంది. అదే యాదృచ్ఛికత. దీన్ని మీరే మీ తరగతిలో చేసి చూడవచ్చు.

ఒక గుడ్డసంచిలో పది చింతగింజలు వెయ్యండి. వాటిలో ఒకదానికి సుద్దతో గుర్తు పెట్టండి. (అరగదీసి గుర్తు పెట్టకండి, చేతికి తెలిసిపోతుంది!) చూడకుండా ఒక గింజ తియ్యండి. అది గుర్తున్న గింజయితే గోల్, కాకపోతే గోల్ తప్పినట్టు. గింజను మళ్ళీ సంచిలో వేసి కలపండి. ఒక్కొక్కరు ఇలా 20 సార్లు తియ్యాలి. మంచు హాకీలో కూడా ఫార్వర్డ్ కొట్టిన షాట్లలో ఉజ్జాయింపుగా పదింటికి ఒకటి గోల్ అవుతుంది. కనుక మనమందరం 20 షాట్లు కొట్టిన ఫార్వర్డ్‌లమే!

ఒక్కొక్కరికి సగటున రెండు గోల్స్ రావాలి. కాని నలభై మంది ఉన్న తరగతిలో సుమారు అయిదుగురికి ఒక్క గోల్ కూడా రాదు. ఇంకో అయిదుగురికి నాలుగో, అంతకన్నా ఎక్కువో వస్తాయి. చూడబోతే వీళ్ళు మహా నిపుణులు, వాళ్ళు చేతకానివాళ్ళు! కాని గింజలు అందరికీ ఒకటే కదా?

ఇప్పుడు ఆ పదిమంది చేతే మళ్ళీ 20 సార్లు తీయించండి. సున్నా వచ్చినవాళ్ళ సగటు రెండుకు దగ్గరగా పైకి వస్తుంది. నాలుగు వచ్చినవాళ్ళ సగటు రెండుకు దగ్గరగా కిందికి దిగుతుంది. దీన్ని సగటు వైపు ప్రతిగమనం అంటారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1886లో తల్లిదండ్రుల ఎత్తులనూ, పిల్లల ఎత్తులనూ పోల్చి దీన్ని వివరించాడు. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు పొడవుగానే ఉంటారు, కాని సగటున తల్లిదండ్రులంత పొడవు ఉండరని అతను గమనించాడు.

డెబ్భై షాట్లు, ఒక గోల్

2013లో బోస్టన్ జట్టులో టైలర్ సెగిన్ అనే ఫార్వర్డ్ ఉండేవాడు. అతనికీ 21 ఏళ్ళే. ఆ ఏడాది చివరి దశ పోటీల్లో 22 ఆటల్లో 70 షాట్లు కొట్టాడు. గోల్ మాత్రం ఒక్కటంటే ఒక్కటే! మన సంచి లెక్క ప్రకారం 70 షాట్లలో ఒకటో, సున్నానో రావడం సుమారు 180 సార్లకు ఒకసారి జరుగుతుంది. అరుదే. అయితే ఒక్కో జట్టు ఆటకు 12 మంది ఫార్వర్డ్‌లను దించుతుంది. 32 జట్లకు 384 మంది. అంతమంది డెబ్భయ్యేసి షాట్లు కొడితే ఇద్దరికైనా ఈ గతి పట్టవచ్చు. అదీగాక చివరి దశలో మిగిలేవి గట్టి జట్లే.

అతని షాట్లు తగ్గలేదని గమనించండి. ఆటకు మూడుకు పైగా కొడుతూనే ఉన్నాడు. షాట్లు కొట్టాలంటే సరైన చోటికి చేరుకోవాలి, పక్ సంపాదించాలి. అది చాలావరకు నైపుణ్యం. కొట్టింది లోపలికి పోవడంలో యాదృచ్ఛికత పాలు ఎక్కువ.

జూలై 4న బోస్టన్ అతన్ని డల్లస్ జట్టుకు ఇచ్చేసింది. గోల్స్ రాకపోవడమొక్కటే అందుకు కారణం కాదు. కుర్రాడు ఆట మీద ఇంకా శ్రద్ధ పెట్టాలని క్లబ్బు అధికారి బహిరంగంగానే అన్నారు. మరుసటి సీజన్‌లో డల్లస్ తరఫున సెగిన్ 37 గోల్స్ కొట్టాడు. ఇంకో విశేషం వినండి. ఆ సమయానికి బోస్టన్ క్లబ్బు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఇరవై ఒకటో పుట్టినరోజు నాడు పెట్టె సర్దుకున్న కామ్ నీలీయే! తనకు అనుభవమైన విషయంలో కూడా తీర్పు ఎంత కష్టమో చూశారా?

పుట్టిన నెల కూడా

కెనడాలో పిల్లల జట్లకు వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. అయినా ఇద్దరూ ఒకే జట్టుకు పోటీ పడతారు. చిన్నతనంలో ఆ తేడా చాలా ఎక్కువ. పై స్థాయి ఆటగాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా ఉన్నారని రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో చూపించారు. పెద్దవాడు కావడాన్ని గొప్పవాడు కావడంగా పొరబడ్డారన్నమాట!

అలాగని ఓపిక పట్టితే ప్రతివాడూ మేటి ఆటగాడవుతాడని అనుకోకండి. 1996లో పిట్స్‌బర్గ్, వాంకూవర్ జట్లు ఇద్దరు 22 ఏళ్ళ ఫార్వర్డ్‌లను మార్చుకున్నాయి. 1991 ఎంపికలో ఏడో స్థానంలో తీసుకున్న అలెక్ స్టొయానోవ్ పిట్స్‌బర్గ్‌కు వెళ్ళాడు. పదహారో స్థానంలో తీసుకున్న మార్కస్ నాస్లండ్ వాంకూవర్‌కు వచ్చాడు. స్టొయానోవ్ ఈ లీగ్‌లో ఆడిన 107 ఆటల్లో రెండే గోల్స్ కొట్టాడు. నాస్లండ్ ఒక్క 2002–03 సీజన్‌లోనే 48 కొట్టాడు! ఎప్పుడో అంటించిన "ఏడో స్థానం" అనే చీటీకన్నా మంచు మీద కనబడిన ఆటే సరిగా చెప్పింది.

కనుక తీర్పు చెప్పేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. షాట్లు తగ్గాయా, గోల్స్ మాత్రమే తగ్గాయా? అతనికి ఎంతసేపు ఆడే అవకాశం దొరికింది? వయసెంత, ఎదిగే కాలం ఇంకా ఉందా? ఇవి అడిగినా ఒక్కోసారి పొరబడతాం. అడక్కపోతే మరీ తరచుగా పొరబడతాం.

ఒక యూనిట్ పరీక్షలో అయిదు మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి చూసి, "వీడికి లెక్కలు రావు" అని నేనూ ఒకసారి అనేశాను. ఏడాది చివరికి అతను తరగతిలో మూడోవాడయ్యాడు. ఒక్క పరీక్ష అంటే సంచిలోంచి కొన్ని గింజలు తీసినట్టే. ఈసారి మీకు మార్కులు తగ్గితే, రోజూ ఎన్ని లెక్కలు చేశారో ముందు లెక్కపెట్టుకోండి. అవి తగ్గకపోతే బెంగపడకండి. తగ్గితే మాత్రం యాదృచ్ఛికత మీద నేరం మోపకండి!